హెడర్ల పట్టిక గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెడర్ల పట్టిక గారికి,

ఉభయకుశలోపరి. సర్వర్‌కి రిక్వెస్టులు పంపి పరీక్షించే ఏపీఐ టెస్టింగ్ టూల్‌లో, రిక్వెస్ట్ వెంట వెళ్లే పేరు-విలువ జంటల్ని, అంటే హెడర్లని, మోస్తూ బాడీ ట్యాబ్ పక్కనే కొలువుదీరి, వరుసకో టిక్ బాక్స్‌తో చూడముచ్చటగా ఉంటారు తమరు. అందం విషయంలో ఫిర్యాదేమీ లేదు. గొడవంతా ఒకే పేరుతో రెండు హెడర్లు వచ్చినప్పుడు తమరు చేసే పెద్దరికం గురించే.

మొన్నటి సంగతే తీసుకోండి. రిక్వెస్ట్ అసలు ఏ ఐపీ అడ్రస్ నుంచి బయల్దేరిందో చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ రెండుసార్లు వస్తే మా కోడ్ దేన్ని నమ్ముతుందో చూడాలి. అందుకని కావాలనే రెండు వరుసలు పెట్టాను, ఒకదాంట్లో 203.0.113.7, ఇంకోదాంట్లో 198.51.100.4. రెండింటికీ టిక్కులున్నాయి, రెండూ తెర మీద నిక్షేపంగా కనిపిస్తున్నాయి. సెండ్ నొక్కితే 200 ఓకే, అంటే అంతా సవ్యమే. సర్వర్ లాగ్ తెరిస్తే మాత్రం 198.51.100.4 ఒక్కటే! మొదటిదాన్ని సర్వర్ ముందుండే ప్రాక్సీ మింగిందా, ఫ్రేమ్‌వర్క్ తినేసిందా అని అందరూ తలలు పట్టుకున్నారు. చివరికి అదే రిక్వెస్ట్‌ని కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌లో ఆ హెడర్ రెండుసార్లు ఇచ్చి పంపితే రెండూ బుద్ధిగా చేరాయి. అంటే మాయం చేసింది తమరే. పంపే ముందు వరుసలన్నిటినీ ఒక ఆబ్జెక్ట్‌లోకి కుక్కుతారు, అందులో ఒక పేరుకి ఒకటే చోటు, రెండోది రాగానే మొదటిది గల్లంతు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, కనీసం ఒక పసుపు చుక్క కూడా లేదు.

రూల్స్ లేక కాదు. ఒకే పేరుతో వచ్చిన వరుసల్ని వచ్చిన క్రమంలోనే కామాలతో కలిపి చదువుకోవచ్చని 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ నియమాల పత్రం ఆర్ఎఫ్‌సీ 9110 చెబుతోంది. అదీ అందుకున్నవాళ్లు చేసుకునే పని, అదీ జాబితాగా రాయదగ్గ హెడర్లకే. యాక్సెప్ట్‌కి కామా సరిపోతుంది, కుకీలకైతే సెమికోలన్ కావాలి, ఇక పంపేవాళ్లెవరో రుజువు చూపే ఆథరైజేషన్‌లో రెండు టోకెన్లని కామాతో అతికిస్తే ఏ సర్వర్ హర్షిస్తుంది? ఏ సైట్‌కో చెప్పే హోస్ట్ రెండుసార్లు వస్తే హెచ్‌టీటీపీ 1.1 సర్వర్ 400, అంటే తప్పు రిక్వెస్ట్ అని, కొట్టి తీరాలి. బాడీ పొడవు చెప్పే కంటెంట్-లెంగ్త్ రెండు వేర్వేరు అంకెలతో వెళ్లి, ముందున్న ప్రాక్సీ ఒకదాన్నీ వెనకున్న సర్వర్ ఇంకోదాన్నీ నమ్మితే, ఒకరి రిక్వెస్ట్ తోక వెళ్లి ఇంకొకరి రిక్వెస్ట్‌కి తగులుకుంటుంది. రిక్వెస్ట్ స్మగ్లింగ్ అని దానికి పేరు కూడా ఉంది. ఇలాంటివి మా సర్వర్ తట్టుకుంటుందో లేదో చూడ్డానికే కదా ఈ టూల్ తెరిచేది! తమరు ముందే కడిగి తుడిచి పంపితే ఇక నేను పరీక్షించేది ఎవర్ని, మిమ్మల్నా?

పోనీ రెండోది కనిపిస్తే అసలు ఒప్పుకోరా అంటే, అదీ కాదు. బాడీ ఏ రకమో చెప్పే కంటెంట్-టైప్ అని నేను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాస్తే, తమరు పెద్ద అక్షరాలతో అదే పేరుని చాటుగా ఇంకోటి చేరుస్తారు. హెడర్ పేర్లలో చిన్నా పెద్దా తేడా లేదన్న సంగతి తమరి చెవిన పడలేదు కాబోలు. అవతల సర్వర్ని నడిపేది నోడ్ జేఎస్ అయితే మొదట వచ్చిన కంటెంట్-టైప్ ఉంచుకుని రెండోది పారేస్తుంది. అంటే ముందు ఎవరిది వెళ్తే వాళ్లదే రాజ్యం, ఆ ముందూ వెనకా తేల్చేది మళ్లీ తమరే.

మీ ఇబ్బందీ తెలుసు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎక్కడి నుంచో కాపీ చేసి తెచ్చి అతికించేవాళ్లకి డూప్లికేట్ తీసేస్తేనే హాయి, నాబోటివాళ్లకి ఉంచితేనే పని. అందుకే తీర్పు చెప్పొద్దంటున్నాను. ఆ రెండు వరుసలకీ రంగు వేయండి, పేరు పోల్చేటప్పుడు అక్షరాల సైజు చూడకండి, టిక్ ఉన్నవన్నీ నేను పెట్టిన వరుసలోనే పంపండి, తీగ మీదికి నిజంగా ఏం వెళ్లిందో ఉన్నదున్నట్టు ఒక మూల చూపించండి. ఈ చివరిదొక్కటి చేసినా మిగతావన్నీ మాఫీ.

ఇట్లు,
తమ దగ్గర రోజూ సెండ్ నొక్కే మనిషి

తా.క.: సేవ్ అయిన ఫైల్ తెరిచి చూశాను. అందులో రెండు వరుసలూ భద్రంగానే ఉన్నాయి. అంటే తమరికి గుర్తుంది, పంపడానికే మనసు రాలేదన్నమాట.