సవరణ: చేపకీ రెడ్ వైన్‌కీ పడకపోవడానికి అసలు కారణం

ఏ తిండికి ఏ వైన్ నప్పుతుందో పోయినసారి రాసినప్పుడు ఒక తప్పు చేశాను. చేపతో రెడ్ వైన్ తాగితే నోట్లో నీచు రుచి మిగిలేది టానిన్ల వల్లేనని తేల్చేశాను. టానిన్లంటే ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చే వగరు.

అసలు దోషి ఇనుము. 2009లో జపాన్ పరిశోధకులు పదుల కొద్దీ వైన్‌లను స్కాలప్‌లతో (ఆల్చిప్పల లాంటి సముద్రజీవులు) కలిపి రుచి చూశారు. ఇనుము ఎక్కువున్న వైన్‌లతోనే నీచు గట్టిగా తగిలింది. ఆ ఇనుమును పట్టి ఉంచే పదార్థం కలిపితే తగ్గిపోయింది. చేపల్లోని కొవ్వుతో ఇనుము కలిసి ఆ వాసనను పుట్టిస్తుందన్నమాట. లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటితే ఇబ్బంది. రెడ్ వైన్‌లలో ఇనుము తరచుగా ఎక్కువ ఉంటుంది కాబట్టి చేపతో రెడ్ వైన్ వద్దనే పాత సూత్రం చాలాసార్లు పనిచేస్తుంది, కానీ ఇనుము తక్కువున్న రెడ్ వైన్ చేపతో బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే, సీసా మీద ఇనుము లెక్క రాయరు! పినో నువార్ లాంటి తేలికపాటి రెడ్ వైన్ కొంచెం రుచి చూసి తేల్చుకోవడమే.

ఇంకోటి, చిన్నదే. కారం వంటకాలకు ఘాటైన రెడ్ వైన్ తోడుంటే మంట తగ్గుతుందన్నాను. పూర్తిగా తిరగబడ్డ మాట అది. ఆల్కహాల్ మంటను పెంచుతుంది, వగరు దానికి తోడవుతుంది. ఆల్కహాల్ తక్కువగా, కాస్త తీపిగా ఉండే రీస్లింగ్ అనే వైట్ వైన్ నయం. నా మాట నమ్మి నోరు కాల్చుకున్నవాళ్లు క్షమించాలి.