పరికరాల బల్ల దగ్గర ఎవరు నిలబడాలి?

పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌లో కోత మూసే ముందు సర్జన్ ఒక మాట కోసం ఆగుతారు: వాడిన మాప్‌ల (రక్తం అద్దే గుడ్డల), పరికరాల లెక్క సరిపోయిందా? ఆ మాట చెప్పాల్సింది పరికరాల బల్ల దగ్గర నిలబడి సర్జన్‌కు పరికరాలు అందించే సర్జికల్ టెక్నాలజిస్టు, ఆయనతో కలిసి లెక్కపెట్టిన సర్క్యులేటింగ్ నర్సు (స్టెరైల్ గౌను లేకుండా గదిలో తిరుగుతూ సాయపడే నర్సు). సరిపోయిందంటే కుట్లు పడతాయి. ఆ మాట తప్పయితే మాప్ లోపలే ఉండిపోయి వారాలకో నెలలకో జ్వరంగా, చీముగా, పేగు అడ్డంకిగా బయటపడుతుంది. ఇలా శరీరంలో వస్తువులు మిగిలిపోయిన 54 మంది రోగుల రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మిగిలిపోయిన వాటిలో మూడింట రెండు వంతులకు పైగా మాప్‌లు, గాజ్ ముక్కలే. అసలు ఆలోచించాల్సిన అంకె వేరే ఉంది. లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతం వాటిలో, లెక్క సరిపోయిందనే కాగితం మీద రాసి ఉంది.

ఈ వృత్తికి ఎంత చదువు, ఎంత శిక్షణ కావాలన్న చర్చను ఆ అంకె దగ్గర మొదలుపెట్టాలని మా అభిప్రాయం. సర్జికల్ టెక్నాలజిస్టు చేతిలో జరిగే తప్పు చప్పుడు చేయదు. రోగి మత్తులో ఉంటారు. సర్జన్ చూపు కోతలో, మత్తు వైద్యుల చూపు మానిటర్ మీద ఉంటాయి. బల్ల మీద ఏం జరిగిందో ఆ బల్ల దగ్గరి మనిషికే తెలుస్తుంది. ఒక్కోసారి ఆ మనిషికీ తెలియదు. అలాంటి చోట నిలబెట్టేవారిని ‘చూసి నేర్చుకుంటాడులే’ అన్న పద్ధతిలో తయారుచేయడం ఇప్పటికీ ఆస్పత్రుల్లో సాగుతోంది. వార్డు సహాయకుడు మొదట థియేటర్ శుభ్రం చేస్తాడు, తర్వాత ప్యాక్‌లు విప్పడం మొదలుపెడతాడు, ఎవరో సెలవు పెట్టిన రోజున గౌను తొడుక్కుంటాడు. కొన్నాళ్లకు అందరూ టెక్నీషియన్ అని పిలుస్తారు. ఆ మనిషి శ్రద్ధను మేము తక్కువ చేయడం లేదు. అయితే చూసి నేర్చుకున్నవారికి పని క్రమం వస్తుంది కానీ దాని వెనకున్న కారణం చిక్కదు. రోజూ జరిగే ఆపరేషన్ వారి చేతుల మీదుగా బాగానే సాగిపోతుంది. తేడా వచ్చిన రోజే చేయి ఆడదు.

లెక్కనే తీసుకుందాం. ఇద్దరూ కలిసి, పైకి వినబడేలా, ఒక్కో మాప్‌ను విడదీసి, దానిలో ఎక్స్‌రేకు కనిపించే దారం ఉందో లేదో చూస్తూ లెక్కపెట్టాలి. కట్టలో అయిదో పదో ఉండాల్సినచోట ఒకటి తగ్గినా పెరిగినా ఆ కట్టను సర్దుబాటు చేయకూడదు, మొత్తంగా పక్కకు తీసేయాలి. ఆపరేషన్ మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో కొత్తవి తెరిచిన ప్రతిసారీ, గర్భాశయం, మూత్రాశయం లాంటి బోలు అవయవాన్ని మూసే ముందు, పొట్ట గోడ మూసే ముందు, చర్మం కుట్టేటప్పుడు, బల్ల దగ్గర మనిషి మారినప్పుడు మళ్లీ. ప్రతిసారీ ఒకే వరుస పాటించాలి: ముందు కోత దగ్గర, తర్వాత చిన్న స్టాండు, వెనక బల్ల, చివరికి కింద పడేసినవి. మాప్‌ను కత్తిరించి ముక్కలు చేయకూడదు. ఎక్స్‌రే దారమున్న గాజ్‌ను పైకట్టుకు వాడకూడదు. రేపు ఎక్స్‌రే తీస్తే దారం చర్మం మీద ఉందో పొట్టలో ఉందో తేలదు. లెక్క తేడా వస్తే మూయడం ఆపి, సర్జన్ చేతితో వెతకాలి. డ్రేప్‌ల (రోగిపై కప్పిన స్టెరైల్ గుడ్డల) మడతలు, నేల, బుట్టలు చూడాలి. చెత్త సంచీ, మాసిన బట్టల మూట ఆ గది దాటకూడదు. దొరక్కపోతే రోగి బల్ల దిగక ముందే ఎక్స్‌రే తీయాలి.

ఇదంతా కాగితం మీద చాలా ఆస్పత్రుల్లో ఉంది. మరి 88 శాతం ఎందుకు? లెక్క మధ్యలో సర్జన్ ఏదో అడిగితే అందించి, ఆపినచోటి నుంచి కొనసాగించడం ఒక కారణం. ఆ వస్తువు లెక్కను మొదటి నుంచి మళ్లీ పెట్టాలి. రక్తంతో తడిసి రెండు మాప్‌లు ఒకదానికొకటి అంటుకుపోవడం మరొకటి. డ్యూటీ మారేటప్పుడు ‘నేను చూశాను, సరిపోయింది’ అన్న మాట నమ్మి ముందుకు పోవడం ఇంకొకటి. ఇవి సమాచారం చెబితే పోయే తప్పులు కావు. పక్కన పర్యవేక్షకుడు నిలబడి, పదేపదే చేయించి, తప్పు జరిగిన క్షణంలోనే ఆపితేనే చేతికి అలవాటు పడుతుంది.

స్టెరిలైజేషన్‌లోనూ ఇదే చిక్కు. ఆవిరితో పరికరాలను క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ మీటలు నొక్కడం పది నిమిషాల్లో నేర్పవచ్చు. గాలిని ఆవిరి కిందికి నెట్టే పాత తరహా యంత్రంలో చుట్టిన పరికరాలకు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు. వ్యాక్యూమ్‌తో గాలి లాగేసే యంత్రంలో 132 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు. ఈ అంకెలు గోడ మీద అతికించి ఉంటాయి. ఆ సమయం తలుపు మూసినప్పటి నుంచి కాదు, లోపల ఆ వేడి అందినప్పటి నుంచి లెక్కన్నది అతికించిన కాగితంలో ఉండదు. గాలి మిగిలిన చోటికి ఆవిరి చేరదు. అందుకే వ్యాక్యూమ్ యంత్రంలో రోజూ మొదటి లోడుకు ముందు యంత్రం లోపల ఏమీ పెట్టకుండా, గాలి పూర్తిగా పోతోందో లేదో చూసే బౌయీ-డిక్ పరీక్ష చేయాలి. కత్తెరలు, ఫోర్సెప్స్ నోళ్లు తెరిచి పెట్టాలి. ట్రే బరువు సుమారు 11 కిలోలు మించితే ఆరడం కష్టం. ప్యాక్ తడిగా బయటికొస్తే అది స్టెరైల్ కాదు, బయటి సూక్ష్మజీవులకు ఆ తడి దారి అవుతుంది. ప్యాక్ మీది టేపు చారలు నల్లబడటం ఆ ప్యాక్ యంత్రంలోకి వెళ్లొచ్చిందని మాత్రమే చెబుతుంది. ప్యాక్ లోపలి సూచిక చూడాలి, వేడికి తట్టుకునే సూక్ష్మజీవుల బీజాణువులు చచ్చాయో లేదో చెప్పే బీజాణు పరీక్ష చూడాలి, ఇంప్లాంట్ల లోడయితే బీజాణు ఫలితం వచ్చేదాకా ఆగాలి. నల్లచార చూసి ‘అయిపోయింది’ అనే టెక్నీషియన్‌కు నేర్పింది ఎవరో, వారికి నేర్పింది ఎవరో వెతుక్కుంటూ పోతే ఈ వృత్తి శిక్షణలోని లోపం మొత్తం కనబడుతుంది.

బల్ల మీది మందుల సంగతి మరీ ప్రమాదకరం. సెలైన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) కలిపిన సెలైన్, స్థానిక మత్తుమందు, ఎక్స్‌రే కాంట్రాస్ట్ అన్నీ రంగులేని ద్రవాలే, అన్నీ ఒకేలాంటి గిన్నెల్లో ఉంటాయి. ముక్కు ఆపరేషన్లలో గుడ్డ తడిపి పెట్టడానికి వెయ్యికి 1 వంతు అడ్రినలిన్ వాడతారు. కణజాలంలోకి సూదితో ఇచ్చేది రెండు లక్షలకు 1 వంతు. తేడా 200 రెట్లు. గిన్నె మారితే గుండె ఆగిపోవచ్చు. కాబట్టి మందు పోసేటప్పుడే పేరు, గాఢత, గడువు తేదీ ఇద్దరూ చదివి, అప్పుడే చీటీ అంటించాలి. చీటీ లేని గిన్నె, సిరంజి ఎవరిదైనా సరే పారబోయాలి. తీసిన కణజాలం విషయంలోనూ జాగ్రత్త అంతే: మామూలు బయాప్సీకి దాని పరిమాణానికి పది రెట్లు ఫార్మలిన్, ఫ్రోజెన్ సెక్షన్‌కూ (ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డకట్టించి చేసే పరీక్ష), కల్చర్‌కూ (క్రిములను పెంచి చూసే పరీక్ష) చుక్క కూడా వేయకూడదు. కల్చర్‌కు పంపాల్సిన ముక్క ఫార్మలిన్‌లో పడితే అందులోని క్రిములు చనిపోతాయి, రోగికి ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో చెప్పే ఆధారం పోతుంది.

ఇక నోరు విప్పగలగడం. గౌను ముందు భాగంలో ఛాతీ నుంచి బల్ల ఎత్తు వరకు, చేతుల్లో మోచేతికి 5 సెంటీమీటర్ల పైదాకా మాత్రమే స్టెరైల్. వీపు ఎప్పుడూ కాదు. సర్జన్ మోచేయి లైటు అంచుకు తగిలితే ‘సార్, స్లీవ్ మార్చాలి’ అని ఆ గదిలో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషి చెప్పాలి. తన సొంత గ్లౌజుకే సూది గుచ్చుకుంటే, ఎవరూ చూడకపోయినా చెప్పి మార్చుకోవాలి. చదువుతో, ధ్రువపత్రంతో వచ్చిన మనిషికి ఈ మాట అనే బలం ఉంటుంది. దయతలచి నిలబెట్టిన మనిషికి ఉండదు. అర్హత ప్రమాణాల గురించి మాట్లాడేవారు ఈ కోణాన్ని తరచూ వదిలేస్తున్నారు, మాకు ఇదే ముఖ్యమైన వాటిలో ఒకటిగా తోస్తోంది.

ప్రమాణాలు లేవని కాదు. బ్రిటన్‌లో థియేటర్‌లో ఇలాంటి పనే చేసే ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనర్ల నమోదు 2004 నుంచి చట్టబద్ధం. నమోదు లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదు. భారత పార్లమెంటు 2021లో చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆపరేషన్ థియేటర్ సాంకేతిక వృత్తినీ తన పరిధిలోకి తెచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తి డిప్లొమాకో డిగ్రీకో కనీసం 2,000 గంటలు ఉండాలంది. అమెరికాలో రాష్ట్రానికో నిబంధన ఉన్నా, అక్కడి పాఠ్యప్రణాళిక గంటలతో ఆగకుండా కేసులు లెక్కిస్తుంది: విద్యార్థి 120 ఆపరేషన్లలో పాల్గొనాలి, వాటిలో 80 చోట్ల ప్రధాన బాధ్యతతో బల్ల దగ్గర నిలబడాలి, కనీసం నాలుగు ప్రత్యేక విభాగాల్లో ఒక్కోదానిలో పదేసి కేసులు తప్పనిసరి.

మేము కేసుల లెక్కవైపే మొగ్గుతాం. రెండు వేల గంటలు థియేటర్ గోడకు ఆనుకుని నిలబడినా పూర్తవుతాయి. కేసు అలా పూర్తి కాదు, అది కూడా నిజాయతీగా రాసినప్పుడే. ప్రధాన బాధ్యత అంటే ఏమిటో నియమంలోనే విడమర్చి చెప్పాలి: లెక్కలు తానే పెట్టాలి, పరికరాలు తానే అందించాలి, మందులు తానే తీసుకుని చీటీలు తానే అంటించాలి, స్టెరైల్ క్షేత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా కాపాడాలి. వీటిలో ఒకటి పర్యవేక్షకుడు చేసినా అది ప్రధాన బాధ్యత కాదు, సహాయకుడి పాత్ర కిందికే వస్తుంది. కేసుల పుస్తకంలో ప్రతి పేజీకీ ఆ రోజే, ఆ గదిలో ఉన్నవారే సంతకం చేయాలి. కోర్సు చివరి వారంలో కూర్చుని ఒకే కలంతో నూరు సంతకాలు పెట్టిన పుస్తకాన్ని పరీక్షాధికారి తిప్పి పంపాలి. సరిపడా ఆపరేషన్లు జరగని ఆస్పత్రిని శిక్షణ కేంద్రంగా చూపించుకునే కళాశాలల గుర్తింపును పరిశీలించడానికి పెద్ద కమిటీలు అక్కర్లేదు: థియేటర్ రిజిస్టరు, విద్యార్థుల కేసుల పుస్తకాలు పక్కపక్కన పెడితే చాలు.

శిక్షణ ఇచ్చిన సంస్థే పరీక్ష పెట్టి పాస్ చేయకూడదు. రాత పరీక్షతో పాటు చేతిపని పరీక్ష ఉండాలి, అందులో కావాలని తప్పులు పెట్టాలి: ఒకటి తక్కువున్న మాప్‌ల కట్ట, తడి ప్యాక్, చీటీ లేని సిరంజి, లోపలి సూచిక మారని ట్రే. కనిపెట్టారా లేదా అన్నదే మార్కు. కొత్త ఎండోస్కోపిక్ పరికరాలు, రోబో చేతులు వస్తున్న కాలంలో ఒకసారి ఇచ్చిన ధ్రువపత్రం జీవితాంతం చెల్లకూడదు. గడువు తర్వాత మళ్లీ చేసి చూపించాలి.

నమోదు పట్టిక ఎందుకని అడిగేవారికి కొలరాడో ఉదంతం చాలు. 2009లో ఆ అమెరికన్ రాష్ట్రంలో ఒక సర్జికల్ టెక్నాలజిస్టు థియేటర్లలోని ఫెంటానిల్ (బలమైన నొప్పి మందు) సిరంజీలు దొంగిలించి, తాను వాడిన సిరంజీల్లో సెలైన్ నింపి వాటి స్థానంలో పెట్టడంతో రోగులకు హెపటైటిస్-సి సోకింది. ఆ తర్వాతే అక్కడ ఈ వృత్తివారి నమోదు తప్పనిసరి అయింది. ఒక ఆస్పత్రి తీసేసిన మనిషి పక్క ఆస్పత్రిలో చేరుతుంటే ఆపగల సాధనం అందరూ చూడగల పట్టికే.

ఖర్చు పెరుగుతుందని, మనుషులు దొరకరని చిన్న ఆస్పత్రులు అంటాయి. ఆ ఇబ్బంది నిజమే. పదేళ్లుగా నిజాయతీగా చేస్తున్నవారిని రాత్రికి రాత్రి బయటికి పంపమని మేము అడగడం లేదు. వారికి గడువివ్వాలి, జీతంతో కూడిన చదువు ఇవ్వాలి, చేతిపని పరీక్షకు నేరుగా కూర్చోనివ్వాలి. వారిలో చాలామంది పాసవుతారు. పాసయినవారి జీతం కూడా పెరగాలి. అర్హత అడిగి పాత కూలీ ఇస్తే మంచివారు వేరే పనికి పోతారు.

అయితే ఒక్క విషయంలో గడువు ఇవ్వకూడదు. పైన చెప్పిన 2003 అధ్యయనమే, అత్యవసర ఆపరేషన్లలో వస్తువులు మిగిలిపోయే ప్రమాదం దాదాపు 9 రెట్లని, ముందు అనుకోని మార్పు ఆపరేషన్ మధ్యలో వస్తే 4 రెట్లని తేల్చింది. ఆస్పత్రుల్లో డ్యూటీ పట్టిక చూడండి: అనుభవమున్నవారు పగలు, ముందే రాసుకున్న కేసులకు ఉంటారు, రాత్రి రెండు గంటలకు పగిలిన పేగుతోనో ఆగని రక్తస్రావంతోనో రోగి వచ్చినప్పుడు బల్ల దగ్గర ఒంటరిగా నిలబడేది కొత్తగా చేరిన మనిషి. కేసుల పుస్తకం పూర్తికానివారిని, పరీక్ష పాస్ కానివారిని రాత్రి డ్యూటీకి ఒంటరిగా వేయకూడదన్న ఆదేశానికి కొత్త చట్టం అవసరం లేదు. ఆస్పత్రి సూపరింటెండెంట్ సంతకం ఒకటి చాలు, అది ఈ నెల డ్యూటీ పట్టికతోనే మొదలుకావచ్చు.