మువ్వగోపాలుడి పాట: తంజావూరు పాఠమా, ఇంటి మాటా?

(విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పదాభినయానికి, అంటే పాట అర్థాన్ని హావభావాలతో చూపే నృత్యానికి, ముందురోజు సాధన. నాయిక ప్రేమనీ విరహాన్నీ పాటలుగా, అంటే పదాలుగా, రాసిన తెలుగు కవి క్షేత్రయ్య పదాన్ని తమిళదేశంలో నిలిచిన పాఠం (పాడే తీరు) ప్రకారమే పాడాలా, తెలుగు మాటకి తగ్గట్టు దిద్దుకోవాలా అని గాయని శారదకీ, తాళం వేస్తూ నాట్యాన్ని నడిపే నట్టువాంగం మాస్టారికీ వాదన.)

శారద: ఆయనది మన మొవ్వ మాస్టారూ. కూచిపూడి ఉన్న మండలమే. 17వ శతాబ్దంలో అక్కణ్ణుంచి బయల్దేరి మధుర, తంజావూరు, గోల్కొండ కొలువుల్లో పాడాడు. ఎక్కడ పాడినా పాటలో సంతకంలా పెట్టుకునే ముద్ర మువ్వగోపాలుడి పేరే. ఊరిపేరు నాలుక మీద పెట్టుకు తిరిగిన మనిషి పాటలో తెలుగు మాట చితికిపోతుంటే వింటూ కూర్చోమంటారా?

మాస్టారు: ముద్రని ఊరి మీద బెంగ అనకమ్మా. అది ఆయన కొలిచిన దేవుడి పేరు. పదంలో మాట్లాడేది నాయిక, కవి కాదు. తన తిరుగుడు గురించి ఆయన చెప్పుకున్నది ‘వేడుకతో’ అని మొదలయ్యే దేవగాంధారి పదంలో. మధుర తిరుమలేంద్రుడి దగ్గర 2000, తంజావూరు విజయరాఘవుడి దగ్గర 1000, గోల్కొండ పాదుషా దగ్గర 40 రోజుల్లో 1500 పదాలని లెక్క. వాటిలో చాలా భాగం పోయింది. మిగిలినవాటిలో కొన్నిటికైనా రాగం చెక్కుచెదరలేదంటే అది తమిళదేశపు వైణికురాలు వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటి చలవ. మనవరాళ్ళు బృంద, ముక్త, బాలసరస్వతి దాకా వచ్చిన పాఠం. దాన్ని మనం కదపకూడదు.

శారద: ఆ ఇంటికి దణ్ణం పెడతాను. కానీ గోదావరి జిల్లాల్లో ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతులు కూడా ఈ పదాలు పాడారు, కూర్చునే అభినయించారు. మాట వాళ్ళకి ఇంటి మాట. ఆడపిల్లల్ని దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించిన 1947 చట్టం వచ్చాక వాళ్ళ మేళాలకి, అంటే ఆ బృందాలకి, బతుకు లేకుండా పోయింది. వాళ్ళని దూరం పెట్టింది మనమే, ఇప్పుడు తెలుగు నుడికారానికి ఆధారం లేదంటున్నదీ మనమే.

మాస్టారు: ఆ మాట కాదనను. అయితే దిద్దవలసింది ఏదో చెప్పు.

శారద: ‘రాడాయె’ అన్న మాట తీసుకోండి. ఏడు లెక్కల మిశ్రచాపు తాళంలో ‘రా’ మూడు అక్షరాలు, అంటే మూడు లెక్కలు, సాగుతుంది, ‘డాయె’ నాలుగు. మూడో అక్షరం తర్వాత ఊపిరి తీశారనుకోండి, వినేవాడికి ‘రా’ అని పిలిచినట్టు వినబడుతుంది. వాడు రాలేదని ఏడుస్తున్న నాయిక వాణ్ణి పిలుస్తున్నట్టయిపోతుంది. పదం అర్థమే తలకిందులు.

మాస్టారు: అది ఊపిరి తప్పు, పాఠం తప్పు కాదు. రాగం పక్కన పెట్టి ‘తకిట తకధిమి’ వేసుకుంటూ సాహిత్యం చదువు. మాట ఎక్కడ విరుగుతుందో పెన్సిలుతో గీత పెట్టుకో. తర్వాత మాటల్లేకుండా ‘ఆ’ అంటూ అకారంతో పాడు, ఆఖర్నే మాటలు చేర్చు. మూడో అక్షరం మీద గొంతు సన్నబడితే సన్నబడనీ, తెగనివ్వకు. ‘డా’ మీద దిగి, ‘యె’ దాటాక ఊపిరి తీసుకో. ఒక్క స్వరం కూడా మార్చక్కర్లేదు.

శారద: మరి ఆ పాఠం పాడేవాళ్ళు ‘చూడవే’ని ‘సూడవే’ అంటున్నారే! ‘గ’ని ‘క’ చేస్తున్నారు. అది ఊపిరితో పోదు.

మాస్టారు: ఉచ్చారణ దిద్దుకో, అడ్డు చెప్పను. కాలం, అంటే పాట వేగం, మాత్రం పెంచకు. జనానికి మాట అందడంలేదని మధ్యమకాలంలోకి తెచ్చేవాళ్ళున్నారు. అప్పుడు స్వరాన్ని ఊపే గమకం కుదించుకుపోతుంది, ఒక చూపు తిప్పుకోవడానికి కూడా ఆడేపిల్లకి చోటుండదు. ఇంకో సంగతి. ఆడేపిల్ల ఒకే పంక్తికి నాలుగు రకాల సంచారి చేస్తూ, భావాన్ని నాలుగు తీరుల్లో చూపిస్తుంటే నువ్వు నాలుగు కొత్త సంగతులు, అంటే స్వరాల్లో మార్పులు, వేయొద్దు. ఆమె ముఖం ఒకటి చెబుతుంటే నీ గొంతు ఇంకోటి చెబుతుంది.

శారద: ఒప్పుకుంటాను. కాలం తగ్గించే పాడతాను. కానీ ఆనవాయితీ ప్రకారం పల్లవిని వదిలి దాని తర్వాతి భాగమైన అనుపల్లవితో ఎత్తుకుంటే, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో సగంమందికి తెలియదు. నాయిక ఖండితా (ప్రియుడు మరో ఆమె దగ్గరికి వెళ్ళాడని కోపగించినదా), విరహోత్కంఠితా (అతని కోసం ఎదురుచూస్తూ తపిస్తున్నదా), మాట్లాడేది చెలికత్తెతోనా, వాడితోనేనా అని ముందు రెండు వాక్యాల్లో చెప్పనివ్వండి.

మాస్టారు: రెండు వాక్యాలే. జీవాత్మ, పరమాత్మ అంటూ ఉపన్యాసం వద్దు. నాయిక కోపం కోపంగానే వినబడాలి.

శారద: అంతే చెబుతాను.

మాస్టారు: అయితే అనుపల్లవి అందుకో. ‘డా’ ముందు గొంతు తెగితే తాళం ఆపేస్తా.

శారద: ‘చ’ ‘స’ అయినా ఆపండి మాస్టారూ.