పాట కింద నాలుగు పేర్లు

మా బ్యాండ్ విశాఖ ఆర్కే బీచ్‌లో, మురీ మిక్చర్ బండి పక్కన విడిపోయింది. 2013 ఏప్రిల్, ఇంజినీరింగ్ చివరి సెమిస్టర్. మేం నలుగురం. ఎంవీపీ కాలనీలో మా గిటారిస్టు వాళ్ల మేడ మీద గదిలో ప్రాక్టీసు. మెట్ల మలుపులో డ్రమ్ సెట్ తిరిగేది కాదు. అందుకని ఉక్కునగరం నుంచి వచ్చే మా డ్రమ్మర్ స్నేర్ అనే చిన్న డ్రమ్మూ, హైహ్యాట్ అనే తాళాల జంటా మాత్రం ఆటోలో తెచ్చుకుని, బేస్ డ్రమ్ బదులు పాత చెక్కపెట్టెను మడమతో తన్నేవాడు. మా ఏకైక సొంత పాట విన్నవాళ్లకి గుర్తుండిపోయింది ఆ పెట్టె చప్పుడే.

ఆ పాటను యూట్యూబ్‌లో పెట్టాం. వీడియో కింద ‘సంగీతం’ అని గిటారిస్టు పేరు ఒక్కటే ఉంది. “మరి నేనేం చేశాన్రా?” అన్నాడు డ్రమ్మర్. “నువ్వు వాయించావు కదరా. కట్టింది నేను” అన్నాడు గిటారిస్టు. డ్రమ్మర్ మిక్చర్ పూర్తిగా తిని, పొట్లం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేసి, జగదాంబ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అంతే. ఎవరైనా అడిగితే ప్లేస్‌మెంట్లు వచ్చాయి, తలో ఊరు వెళ్లాం అని చెబుతాం. అబద్ధం కాదు. కానీ తలో ఊరు వెళ్లింది జులైలో.

రాక్ బ్యాండ్ విడిపోతే అహం అనో, అమ్మాయి అనో, మత్తు అనో కారణం చెప్పడం అలవాటు. నాకు మాత్రం చాలా బ్యాండ్ల కథలో అసలు కీలకం ఒక చిన్న పంక్తిలో ఉందనిపిస్తుంది. పాట కింద రచయితలుగా ఎవరి పేర్లు వేశారన్నదే ఆ పంక్తి. ఈ మాట నాకు తట్టడానికి కారణం మేం పిచ్చిగా అభిమానించిన ఆర్.ఈ.ఎం. అనే అమెరికన్ బ్యాండ్. 2011 సెప్టెంబరు 21న తాము ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు మేం మూడో సంవత్సరంలో ఉన్నాం. ఆ రాత్రి తెగ బాధపడిపోయాం. ఇప్పుడు చూస్తే అంత శుభ్రంగా ఆగిన బ్యాండ్ ఇంకోటి కనబడదు.

1980లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో మొదలైంది వాళ్ల కథ. యూనివర్సిటీయే ఊరికి ప్రాణం. పెద్ద నగరం అట్లాంటా అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు. రికార్డుల షాపులో పనిచేసే పీటర్ బక్ గిటార్, పాటకు మైకేల్ స్టైప్, బేస్ గిటార్ మైక్ మిల్స్, డ్రమ్స్ బిల్ బెర్రీ. ఆ ఏప్రిల్‌లో ఒక పుట్టినరోజు పార్టీకి, పాత చర్చిలో మొదటిసారి వాయించారు. 1983లో వచ్చిన ‘మర్మర్’ ఆల్బమ్‌ని రోలింగ్ స్టోన్ పత్రిక ఆ ఏడాది మేటిగా ఎంచింది, అదీ మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఊపేస్తున్న ఏడాది. స్టైప్ ఏం పాడుతున్నాడో సగం అర్థం కాదు. అయినా విద్యార్థులు నడిపే కాలేజీ రేడియోలు పట్టుకున్నాయి. పేరొచ్చాక కూడా బ్యాండ్ మకాం ఏథెన్స్‌లోనే. 1926 నాటి యూనివర్సిటీ ఉన్న విశాఖలో కాస్త బాగా వాయించే కుర్రాడికి మొదట దొరికే సలహా “హైదరాబాద్ వెళ్లిపోరా” అన్నదే. అందుకే ఈ సంగతి నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది.

మొదట్నుంచీ వాళ్ల పద్ధతి ఒకటే. ఏ పాటయినా బెర్రీ, బక్, మిల్స్, స్టైప్, నాలుగు పేర్లూ వేస్తారు. డబ్బు నాలుగు సమాన వాటాలు. ఏ నిర్ణయమైనా ఒక్కరు వద్దంటే వద్దు. ఇది మంచితనం అనుకుంటాం కానీ నా లెక్కలో తెలివైన వ్యాపారం. పాట రాసినందుకొచ్చే రాయల్టీ రచయితకే కాబట్టి, ఒక్కడి పేరే ఉంటే మిగతా ముగ్గురూ తమ ట్యూన్ ఆల్బమ్‌లోకి ఎక్కించాలని కొట్టుకుంటారు, అవతలివాడి పాట పాడైపోతుంటే చూస్తూ ఊరుకుంటారు. నాలుగు పేర్లూ ఉన్నప్పుడు ఎవడి ముక్క బాగుంటే వాడి ముక్క ఉంటుంది. 1992 నాటి ‘ఎవ్రీబడీ హర్ట్స్’ పాటని మొదట పట్టుకొచ్చింది డ్రమ్మర్ బెర్రీ. చిత్రమేమిటంటే అందులో ఎక్కువ సేపు వినిపించేది డ్రమ్ మెషిన్. తన వాయిద్యాన్ని తన పాటలోంచి తీసేయడానికి బెర్రీకి ఇబ్బంది లేకపోయింది, వాటా ఎక్కడికీ పోదు కాబట్టి.

1991లో లోకమంతా మోగిన ‘లూజింగ్ మై రెలిజియన్’ మాండలిన్ మీద పుట్టింది. బక్ అప్పుడే ఆ వాయిద్యం నేర్చుకుంటూ, టీవీ చూస్తూ కెలికిన ముక్క అది. మాండలిన్ అంటే పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొచ్చే మనకి ఆ వాయింపు ఓనమాల్లా ఉంటుంది. ఓనమాలు కాబట్టే చెవిలో కూర్చుంటుంది. మా కాలేజీ కల్చరల్స్‌కి ఆ పాట పేరు రాసిస్తే ఒక సారు జాబితా చూసి “మతం గొడవలు మనకొద్దమ్మా” అని కొట్టేశారు. అది అమెరికా దక్షిణాది నుడికారమనీ, ఓర్పు నశించిపోవడమని అర్థమనీ చెప్పడానికి నాలుగు రోజులు తిరిగాం. చివరికి మా ఓర్పే నశించింది.

పేరు పంచుకోవడం మనకి కొత్తేమీ కాదు. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ ఒకే పేరుతో రాశారు, ఏ పద్యం ఎవరిదని అడిగే సందు ఇవ్వలేదు. 1920లో తిరుపతి శాస్త్రి పోయాక కూడా చెళ్లపిళ్ల తన రచనల మీద ఆ జంట పేరే ఉంచారు. కానీ అది ఎక్కడో ఒకచోట. బుర్రకథలో చూడండి. కథకుడి పేరు పోస్టర్ మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. అటూ ఇటూ గుమ్మెట వాయిస్తూ, హాస్యం పండిస్తూ, తందాన అంటూ కథను ఎత్తిపట్టిన వంతలిద్దరూ ఎవరో చూసొచ్చినవాళ్లే చెప్పలేరు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి సినిమా పాటల రచయితలకీ, సంగీత దర్శకులకీ రాయల్టీలో హక్కు గట్టిగా రాశారు. మంచిదే. కానీ ఆ లెక్కలోనూ కట్టినవాడు వేరు, వాయించినవాడు వేరు. మా చెక్కపెట్టె వాయించినవాడే.

సమానం లేకపోతే ఏమవుతుందో మాంచెస్టర్ బ్యాండ్ ది స్మిత్స్ దగ్గర కనబడుతుంది. 1982లో పుట్టి 1987లో పోయింది, అదీ ఉచ్చదశలో. పాటలు మోరిసీ, జానీ మార్‌ల పేరు మీదే. అది న్యాయమే, రాసింది వాళ్లే. కానీ రికార్డులు, కచేరీల లాభంలో కూడా వాళ్లు చెరో 40 శాతం తీసుకుని, బేస్ గిటార్ వాయించే ఆండీ రూర్క్‌కి, డ్రమ్మర్ మైక్ జాయిస్‌కి 10 శాతం చొప్పున ఇచ్చారు. రూర్క్ కొంత మొత్తం తీసుకుని సర్దుకున్నాడు. జాయిస్ సర్దుకోలేదు. 1996లో లండన్ హైకోర్టు అతనికి 25 శాతం రావాల్సిందేనని తేల్చింది. బ్యాండ్ పోయిన తొమ్మిదేళ్లకి పాత మిత్రులు సాక్షి బోనులో నిలబడాల్సి వచ్చింది. వాళ్ల మధ్య సంతకం పెట్టిన కాగితం ఏదీ లేకపోవడమే గొడవకి మూలం. బీచ్‌లో మా దగ్గరా లేదు.

ఆర్.ఈ.ఎం. పద్ధతిలో లోపం లేదని అనను. నలుగురి సమానం మీద కట్టిన ఇంట్లో ఒక స్తంభం తీస్తే ఏమవుతుంది? 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో, కచేరీ మధ్యలో బెర్రీ మెదడులో రక్తనాళం చిట్లింది. ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చాడు. 1996లో వార్నర్ రికార్డు సంస్థతో కొత్త ఒప్పందం, 8 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది బెర్రీ ఇక చాలన్నాడు. ఒకే షరతు: నేను వెళ్తే మీరు విడిపోయేట్టయితే వెళ్లను. వెళ్లి ఏథెన్స్ దగ్గర పొలంలో గడ్డి పండించుకున్నాడు. మిగిలిన ముగ్గురూ ‘అప్’ ఆల్బమ్ చేస్తూ దాదాపు విడిపోయేదాకా వచ్చారు. 2004 నాటి ‘అరౌండ్ ద సన్’ని బక్ స్వయంగా తప్పుపట్టాడు. నాకు కూడా అది నిద్రొస్తూ వాయించినట్టే ఉంటుంది. అభిమానిగా చేదు మాటే గానీ, బెర్రీ లేని పద్నాలుగేళ్లలో నేను మళ్లీ మళ్లీ వినేవి పది పాటలు దాటవు. అయినా కొట్లాట లేదు, కోర్టు లేదు. 2011లో చివరి ఆల్బమ్‌తో వార్నర్‌కి ఒప్పుకున్న ఆల్బమ్‌ల బాకీ తీరింది. అదే ఏడాది ఆపేశారు. బాకీ తీర్చి షాపు తాళం వేసినట్టు.

ఆ తర్వాత తిరిగి కలిసి టూర్ చేస్తే ఎంత వచ్చేదో వాళ్లకి తెలియక కాదు. చేయలేదు. 2024 జూన్‌లో మాత్రం న్యూయార్క్‌లో గేయకర్తల హాల్ ఆఫ్ ఫేమ్ సత్కారానికి నలుగురూ వేదికెక్కి ఆ మాండలిన్ పాట ఒక్కటి వాయించారు. గేయకర్తలుగా పిలిచింది నలుగురినీ. ఎప్పుడో 1997లో మానేసి పొలానికి వెళ్లిపోయిన డ్రమ్మర్ కూడా ఆ రోజు పాటల రచయితే.

ఆ వీడియో మా పాత వాట్సాప్ గ్రూపులో పెట్టింది మా డ్రమ్మరే, కింద ఒక్క మాట కూడా రాయకుండా. గంట తర్వాత గిటారిస్టు నాకు విడిగా ఫోన్ చేశాడు. “మన పాట కింద నలుగురి పేర్లూ పెట్టేద్దాంరా, ఇప్పుడే” అన్నాడు. ఇద్దరం కూర్చుని మొదలుపెట్టాం. ఆ ఛానెల్ తెరిచింది కాలేజీ ల్యాబ్‌లో, ఏదో కొత్త మెయిల్ ఐడీతో. దాని పాస్‌వర్డ్ నలుగురిలో ఎవరికీ గుర్తు లేదు.