నీళ్ళు పోస్తే సరిపోద్దన్న వాళ్ళందరికీ ఓ దండం

మన జనాల్లో ఒక జబ్బుంది, నాకూ ఉంది కాబట్టే చెప్తున్నా. కారు రేడియేటర్ లీకవుతోందంటే ఎవడూ లీకు గురించి మాట్లాడడు, నీళ్ళ గురించే మాట్లాడతాడు. పొద్దున్నే ఓ లీటరు పోసుకో, బయల్దేరే ముందు ఓసారి చూసుకో, ఏం కాదు. ఆ "ఏం కాదు"కి నాకు పడిన బిల్లు 31 వేలు.

ఫిబ్రవరిలోనే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పాడు, సార్ మీ బండి కింద రోజూ తడి ఉంటోంది అని. ఏసీ నీళ్ళులే అనేశా. ఫిబ్రవరి పొద్దున పూట ఏసీ ఎవడేస్తాడండీ, ఆ మాత్రం బుర్ర పనిచెయ్యలా. ఏసీ నీళ్ళు ఆరిపోతే మచ్చ కూడా ఉండదు, ఇదేమో పచ్చగా ఉంది, వేలికి జిగురుగా తగుల్తోంది, తియ్యటి వాసన. (ఆ తీపికి కుక్కలు నాకుతాయి, కూలెంట్‌లో, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవంలో, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంటుంది, వాటి కిడ్నీలు పోతాయి. నేల మీద కారితే కడిగెయ్యండి, పుణ్యముంటుంది.)

సరే కాలనీ మెకానిక్ దగ్గరికెళ్తే బానెట్ ఎత్తి, టార్చి కొట్టి, రేడియేటర్ పక్కకి బిగించిన ప్లాస్టిక్ ట్యాంకు దగ్గర చెమ్మ చూపించి, ఏదో పౌడర్ ప్యాకెట్ పోసి పంపించాడు. కోడిగుడ్డు సొన పోస్తారని, పసుపు పోస్తారని, మిరియాల పొడి పోస్తారని కూడా విన్నా, పులుసు పెడుతున్నామా ఏంటి. చిల్లుని మూసే పొడి చిల్లు దగ్గరే ఆగుతుందని ఎవడు చెప్పాడు, లోపల సన్న గొట్టాలుంటాయి, అవీ పూడుకుపోతాయి కదా. కానీ రెండు వారాలు చుక్క కారలేదు, నేను ఆయన్ని దేవుడనుకున్నా. మళ్ళీ మొదలయ్యాక నేనూ అదే పని, నీళ్ళు పోసుకుంటూ తిరగడం. అదీ బోరు నీళ్ళు, బకెట్లో తెల్లగా గార కట్టే నీళ్ళు.

నాకు ఆలస్యంగా ఎక్కిన విషయం ఏంటంటే కూలెంట్ అంటే రంగు నీళ్ళు కాదు. సగం గ్లైకాల్ సగం నీళ్ళయితే 107 డిగ్రీల దగ్గర గానీ మరగదు, రేడియేటర్ పైన ఆ మూత ఉంది చూడండి, అది లోపల దాదాపు ఒక బార్ ప్రెషర్ (బయట గాలి ఒత్తిడికి ఇంకో అంత) ఆపుతుంది, దాంతో 120 దాటినా మరగదు. చిల్లు పడితే పోయేది నీళ్ళొక్కటే కాదు, ఆ ప్రెషర్ కూడా పోతుంది. అంటే నేను ఉత్త నీళ్ళు పోసి, ప్రెషర్ లేకుండా, 100కే మరిగేలా చేసుకుని, మే నెలలో హైవే ఎక్కానన్నమాట.

విజయవాడలో పెళ్ళి, పక్క సీట్లో బాబాయ్, వెనక డిక్కీలో ఆయన అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా. నార్కెట్‌పల్లి దాటాక ఏసీలోంచి వేడిగాలి రావడం మొదలైంది. చూస్తే ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకి పోతోంది. పక్కకి తీద్దామనేలోపు మెల్లగా కిందకి దిగింది. "చూశావా, గాలి తగిలేసరికి చల్లబడింది, పోనీరా" అన్నాడు బాబాయ్. పోనిచ్చా. ఇంకో పది నిమిషాలకి బండి లాగడం మానేసింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి.

దిగగానే బాబాయ్ తువ్వాలు పట్టుకుని మూత తిప్పబోయాడు, చెయ్యి పట్టి లాగేశా. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే. వేడి మీద మూత తీస్తే మరిగేదంతా మొహమ్మీదకి ఎగదన్నుతుంది.

బండిని కట్టి సూర్యాపేట లాక్కెళ్ళాక అక్కడి మెకానిక్ ముల్లు సంగతి విని నవ్వాడు. "అన్నా, ఆ సెన్సార్ నీళ్ళల్ల మునిగి ఉంటెనే వేడి చెప్తది. నీళ్ళే లేకుంటె ఏం చెప్తది? ముల్లు దిగిందంటె చల్లబడ్డట్టు కాదు, ఖాళీ అయినట్టు." తర్వాత ఆయిల్ మూత తీసి చూపించాడు, లోపల పాలు ఎక్కువైన టీ రంగు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, అంటే ఇంజన్ పై భాగమైన హెడ్డు కింద నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే పట్టీ. అల్యూమినియం హెడ్డు వంగింది, ఫేసింగ్ చేయించాలి, అంటే చెక్కించి చదును చేయించాలి అన్నాడు. కొత్త రేడియేటర్ ఎంతో తెలుసా? 5,200. ఫిబ్రవరిలో అది మార్చేసుంటే అక్కడితో అయిపోయేది. మిగతాదంతా మూడు నెలలు నీళ్ళు పోసుకున్నందుకు కట్టిన డబ్బు.

బాబాయ్‌ని తిట్టలేను. ఆయన లారీ తోలిన రోజుల్లో రాగి, ఇత్తడి రేడియేటర్లు, కారితే ఊళ్ళో ఎవరో టంకం వేసేవాడు, పదేళ్ళు నడిచేది. ఇప్పుడున్నవి అల్యూమినియం కోరుకి (సన్న గొట్టాలుండే మధ్య భాగానికి) ప్లాస్టిక్ ట్యాంకు బిగించినవి, ప్లాస్టిక్‌కి టంకం ఎక్కడ వేస్తాం? ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కి పగిలితే ఇంక మార్చడమే. నా కోపమంతా రోజూ ఇవే బళ్ళు విప్పుతూ కూడా పౌడర్ పోసి పంపించేవాళ్ళ మీద. ప్రెషర్ పంపు పెట్టి అయిదు నిమిషాలు చూస్తే ఎక్కడ కారుతుందో తెలిసిపోద్ది, ట్యాంకా, హోస్ పైపా, వాటర్ పంపా, మూతా అని. ఆ పని ఎవడూ చెయ్యడు. మొన్న అదే కాలనీ మెకానిక్ కనపడి, థర్మోస్టాట్ తీసేయించుకోండి సార్, ఇంక జన్మలో హీటెక్కదు అన్నాడు. అది ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు, తీసేస్తే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు తాగేస్తుంది, అది వేరే తలనొప్పి. దండం పెట్టి వచ్చేశా.

బాబాయ్ నిన్న ఫోన్ చేశాడు. కారు ఎలా ఉందని అడుగుతాడేమో అనుకున్నా. "ఒరేయ్, నా నీళ్ళ డబ్బా నీ డిక్కీలోనే ఉండిపోయింది, మళ్ళీ వచ్చేటప్పుడు పట్రా."