కలెక్షన్ల పట్టికలో నల్గొండ ఎక్కడ?

నైజాం, సీడెడ్ (అంటే రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, గుంటూరు, కృష్ణా, నెల్లూరు. పెద్ద సినిమా ఏది విడుదలైనా తెల్లారేసరికి ఫోన్లలో తిరిగే ఏరియాలవారీ వసూళ్ల పట్టిక ఇదే. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగే పోరగాళ్లకు, పాలమూరు న్యూటౌన్‌లో బండ్ల మీద కూసొని ముచ్చటపెట్టేటోళ్లకు ఇది కంఠస్థం. "గ్రాస్ ఎవడన్న చెప్తడు, షేర్ ఎంతనో చెప్పురాదు" అని డిగ్రీ చదివే పిల్లగాడు అవతలి హీరో అభిమానిని నిలదీస్తుంటే వినాలి. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, షేర్ అంటే అందులో పన్నులు, థియేటర్ రెంటు పోను ఏరియా హక్కులు కొన్న బయ్యర్‌కు మిగిలేది. జీఎస్టీ కింద ఎంత పోతుంది, థియేటర్ రెంటు ఎంత, బయ్యర్ ఎంతకు కొన్నాడు, బ్రేక్ ఈవెన్‌కు, అంటే పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి, ఇంకా ఎంత కావాలి, అన్నీ వాడి నాలుక మీదే ఉంటాయి. సినిమా ఎట్లుంది అనే మాట ఎప్పుడో చివర్లో, అదీ మొహమాటానికి వస్తుంది. "సరే, నల్గొండలో ఎంత చేసింది?" అని అడిగి చూడండి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

వాళ్ల తప్పు కాదు, ఆ లెక్క ఎక్కడా దొరకదు. నెల్లూరుకు గడి ఉంది. తూర్పు గోదావరికి ఒకటి, పశ్చిమ గోదావరికి ఒకటి. తెలంగాణలోని 33 జిల్లాలకూ కలిపి ఒక్కటే గడి, నైజాం. 1956కు ముందటి హద్దులను పట్టుకుని ఏర్పడిన పంపిణీ ఏరియాలు ఇవి. రాష్ట్రం కలిసింది, విడిపోయింది, పది జిల్లాలు 33 అయ్యాయి, పట్టిక మాత్రం కదల్లేదు. ఆ గడిలో సింహభాగం హైదరాబాద్‌దేనని అందరికీ తెలిసిందే. మిర్యాలగూడలో రెండో వారం కూడా ఇంటిల్లిపాదీ వచ్చి చూసిన సినిమా ఏది, వనపర్తిలో సోమవారం మ్యాట్నీకే ఈగలు తోలుకున్నది ఏది, బయటివాళ్లకు ఎన్నటికీ తెలియదు.

అంకెల దగ్గరే ఆగితే ఇంత రాయక్కర్లేదు. లెక్కలో కనబడని ప్రేక్షకుడి కోసం ఎవరూ కథ రాయరన్నది నా వాదన. "నైజాంలో గట్టిగా ఆడాలి" అని నిర్మాత అన్నప్పుడు ఆయన కళ్ల ముందు మెదిలేది కూకట్‌పల్లి, గచ్చిబౌలి. దేవరకొండ, కొల్లాపూర్ కాదు. మనవాళ్లేమో ఆ అంకె తమ సొంత ఆస్తి అన్నట్టు కొట్లాడుతున్నారు. బెనిఫిట్ షోలు లేవు, రేట్ల పెంపు లేదు అని 2024 డిసెంబర్‌లో అసెంబ్లీలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చెప్పిన మాట ఎక్కువ నాళ్లు నిలవలేదు. 2025 సెప్టెంబర్ 24 రాత్రి పవన్ కల్యాణ్ సినిమా ఓజీ ప్రీమియర్‌కు ప్రభుత్వం అనుమతించిన టికెట్ 800 రూపాయలు. ఆ రేటు జూబ్లీహిల్స్‌కూ అదే, జిల్లా కేంద్రంలోని సింగిల్ స్క్రీన్‌కూ అదే. డబ్బు తీసుకునేటప్పుడు అందరం సమానమే. అంతకు ఏడాది ముందు, 2024 మే నెలలో, జనం రాక తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు తాళాలు వేసుకుంటే ఏ చాయ్ హోటల్ దగ్గరా పెద్ద చర్చ నడిచినట్టు లేదు. అప్పుడు కొట్లాడుకోవడానికి షేర్ లేదు కదా.

ఇక కథలు. నాకు మంట అక్కడే. ఈమధ్య మనం తెలంగాణ సినిమా అని గర్వంగా చెప్పుకునేవి ఒకసారి వరుసగా పెట్టండి. 2017లో ఫిదా, బాన్సువాడ. 2023 మార్చిలో బలగం, సిరిసిల్ల వైపు పల్లె. అదే నెలాఖరున దసరా, సింగరేణి బొగ్గు బావుల పక్క ఊరు. బలగం కోసం ఊరి నడుమ తెరలు కట్టుకుని జనం కళ్లు తుడుచుకుంటూ చూశారు. మంచిదే, నేనూ తుడుచుకున్నా. కానీ పటం తీసి చూస్తే ఇవన్నీ గోదావరి వైపువే. కృష్ణా వైపు తెలంగాణ ఏమైంది? చీరల నేతలో చేతి శ్రమ తగ్గించే ఆసు యంత్రం కనిపెట్టిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం జీవితం మీద 2019లో వచ్చిన సినిమా ఒకటి గుర్తొస్తుంది. దానికి ముందు నా మటుకు సాయుధ పోరాటం మీద తీసిన మా భూమి దాకా, అంటే 1980 దాకా వెనక్కి పోవాల్సిందే.

2025 అక్టోబర్‌లో కాంతార చాప్టర్ 1 వస్తే మనవాళ్లు పోటెత్తారు. కర్ణాటక తీరంలోని తుళునాడులో దైవాలను కొలిచే భూతకోల మనకు తెలియదు, ఆ దైవాలు మన దైవాలు కావు, అయినా ఒళ్లు గగుర్పొడిచింది. మరి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతర సంగతేంటి? గజ్జెల లాగులు కట్టి, భేరీలు మోగిస్తూ, "ఓ లింగా" అని అరుస్తూ గుట్టెక్కే యాదవులు, నెత్తిన గంపలతో వెనకాల ఆడవాళ్లు. ఆ నాలుగైదు రోజులు విజయవాడ హైవే మీద బండ్లనే దారి మళ్లిస్తారు. చిన్నచింతకుంట దగ్గర కురుమూర్తి జాతరలో దళితులు తయారుచేసిన ఉద్దాలు, అంటే దేవుడి చెప్పులు, ఊరేగింపుగా గుట్టకు వెళ్తాయి. ఆ చెప్పులు కుట్టే ఇంటి గడపలో మొదలయ్యే సినిమా ఒకటి ఊహించండి. భక్తి ఉంది, కులం ఉంది, కడుపులో దాచుకున్న కోపమూ ఉంది. గ్రాఫిక్స్‌కు ఖర్చు కూడా అక్కర్లేదు! జాతరలు వద్దంటే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టుకుని దేశమంతా డ్యాములు కట్టిన పాలమూరు లేబర్ ఉన్నారు, శ్రీశైలం నీళ్లలో ఊళ్లు మునిగినవాళ్లు ఉన్నారు, ఫ్లోరైడ్‌కు నడుములు వంగిన మర్రిగూడ ఉంది.

ఒక్క గడి వ్యవహారం మాటకూ పాకింది. తెర మీద తెలంగాణ యాస అంటే ఇప్పుడు ఒకటే అచ్చు. నారాయణపేటలో కన్నడం కలిసిన తెలుగు, గద్వాల-అలంపూర్‌లో రాయలసీమ గాలి తగిలిన తెలుగు, కోదాడ-హుజూర్‌నగర్‌లో ఉమ్మడి కృష్ణా జిల్లా వాసన తగిలిన తెలుగు, ఇవేవీ ఆ అచ్చులో పట్టవు కాబట్టి ఎవరూ ముట్టుకోరు.

మనుషులకు కొదవా అంటే అదీ కాదు. జానపద వీరుడు కాంతారావుది కోదాడ ప్రాంతం, వేణుమాధవ్‌దీ కోదాడే. ప్రభాకర్ రెడ్డిది తుంగతుర్తి. జాతీయ అవార్డు తెచ్చిన సుద్దాల అశోక్ తేజది ఉమ్మడి నల్గొండలోని సుద్దాల. గోరటి వెంకన్నది నాగర్‌కర్నూల్ వైపు గౌరారం. విజయ్ దేవరకొండ కుటుంబానిది అచ్చంపేట పక్క తుమ్మన్‌పేట. నటుడినిచ్చాం, పాటనిచ్చాం, టికెట్ డబ్బులిచ్చాం.

సినిమాకు జిల్లా ఏంది, వినోదం కోసం పోతాం, షేర్ గురించి మాట్లాడుకోవడం కూడా ఒక సరదా అంటారు. కాదనను. క్రికెట్ స్కోరులాగే అదీ. వ్యాపారం తెలిసిన ప్రేక్షకుడు నిర్మాత పోస్టర్ చూసి మోసపోడన్న మాటలో కొంత నిజం కూడా ఉంది. కానీ 2025 నవంబర్‌లో రామోజీ ఫిల్మ్ సిటీలో రాజమౌళి సినిమా వారణాసి టైటిల్ వేడుక జరిగినప్పటి నుంచి ఆ సినిమా నైజాం హక్కులు ఎంతకు పోతాయని లెక్కలు వేస్తున్న కుర్రాళ్లు, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ పోయిన ప్రతిసారీ ఆ ఫిల్మ్ సిటీ ముందు నుంచే పోతారు. లోపల మన ఊరి సెట్టు ఎప్పుడన్నా పడిందా అని ఒక్కడూ అడగడు. నాకు కోపం ఆ అడగకపోవడం మీదే.

ప్రతి థియేటర్ ఆట ఆటకూ డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల పత్రం, రాస్తుంది, జీఎస్టీ కడుతుంది. అంటే ఊరూరి లెక్క ఇప్పటికే కాగితం మీద ఉంది, బయటికి రావడం లేదంతే. రేట్ల పెంపు కావాలని నిర్మాతలు సచివాలయానికి వచ్చినప్పుడు, జిల్లాలవారీ వసూళ్లు బయటపెడితేనే జీవో అని ప్రభుత్వం ఒక్క షరతు పెట్టొచ్చు. గద్దర్ పేరు మీద అవార్డులు ఇస్తున్న ప్రభుత్వానికి అది పెద్ద పని కాదు. అప్పుడు నైజాం గడి పది ముక్కలైనా అవుతుంది. మహబూబ్‌నగర్‌లో ఏది ఆడిందో, నల్గొండలో ఏది ఆడలేదో కొనే బయ్యర్‌కూ, రాసే రచయితకూ కనబడుతుంది.