ఫుట్‌పాత్ మీద హారన్ కొట్టిన నాన్నగారికి

పొద్దున్న జరిగిన దానికి ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే ఇక్కడ కక్కేస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు నా ఇడ్లీ ఫోటోలకి లైకులు కొట్టుకోండి.

బెంగళూరులో మా మారతహళ్ళి వైపు ఫుట్‌పాత్ దొరకడమే అపురూపం. ఉన్నదాంట్లో సగం ట్రాన్స్‌ఫార్మర్‌ది, పావు వంతు కొబ్బరిబోండాలాయనది. మిగిలిన జానెడు జాగాలో నేనూ మా చిన్నదీ స్కూలు వ్యాను కోసం నిలబడ్డాం. వెనక నుంచి హారన్. ఆపకుండా హారన్. ఎవరో డెలివరీ కుర్రాడేమో అనుకుని తిరిగి చూస్తే, యూనిఫాంలో ఉన్న ఇద్దరు పిల్లల్ని స్కూటీ మీద ఎక్కించుకున్న తండ్రి! ముందు నిలబడ్డ పిల్లాడు అద్దం కడ్డీకి తల ఆనించి కునుకు తీస్తున్నాడు. వెనక పాప వీపున ఒక బ్యాగు, ఒళ్ళో తమ్ముడి బ్యాగు. రెండు చేతులూ ఆ బ్యాగుకే సరిపోయాయి, ఇక నాన్నని పట్టుకోవడానికి ఏమున్నాయి? అయ్యగారి తల మీద మాత్రం నిగనిగలాడే హెల్మెట్.

"మేడమ్, కొంచెం జరగండి, బెల్ కొట్టేస్తారు" అన్నారు ఇంగ్లీషులో. నేను అన్న మాట తెలుగులో వచ్చింది, అదిక్కడ రాయను. దానికాయన మొహం వెలిగిపోయి, "మీరూ తెలుగువాళ్ళేనా అండీ! మీదే ఊరు?"

ఏ ఊరైతే ఏంటండీ. మీ ఊళ్ళో జనం అరుగుల మీద బండ్లు నడుపుతారా?

ఆ హెల్మెట్ సంగతి చెప్పాలి. అది ఆయన తలకి ఎందుకుందంటే సిగ్నల్ దగ్గర కెమెరా ఉంది కాబట్టి. నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ హెల్మెట్ ఉండాలని 2019లోనే చట్టం మార్చారు. అంతకంటే చిన్నపిల్లలైతే, తొమ్మిది నెలలు దాటిన దగ్గర్నుంచి, హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్ళకి కట్టే బెల్టు ఉండాలి, బండి వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు అని 2022లో రూలు కూడా తెచ్చారు. బండి మీద నడిపేవాళ్ళు కాక ఇంకొక్కరే ఎక్కాలన్నది ఎప్పట్నుంచో ఉన్న మాటే. ఇవన్నీ తెలియని మనిషి కాదు, మెడలో ఐటీ కంపెనీ ట్యాగు వేలాడుతోంది. పిల్లలకెందుకు పెట్టలేదండీ అంటే ఏమంటారో నాకు తెలుసు. "దగ్గరే కదండీ." యాక్సిడెంట్లన్నీ దూరంలోనే అవుతాయి మరి, దగ్గర్లో అయితే సిగ్గుపడతాయి కాబోలు.

ఇలాంటివాళ్ళే సాయంత్రానికి పేరెంట్స్ గ్రూపులో ప్రత్యక్షమవుతారు. "వ్యాను డ్రైవర్ స్పీడుగా పోతున్నాడు, స్కూలు యాక్షన్ తీసుకోవాలి" అని పెడతారు. కింద నలభై చేతులు జోడించిన బొమ్మలు. గురివింద గింజ సామెత ఎవరి కోసం పుట్టిందో నాకు బెంగళూరు వచ్చాకే అర్థమైంది.

స్కూలు గేటు ముందు చూడాలి అసలు తమాషా. ఒక్కో కారులో ఒక్కో పిల్లాడు. గేటుకి ఎంత ఆనించి దింపితే అంత ప్రేమ ఉన్నట్టు లెక్క. రెండో వరసలో ఆపుతారు, రోడ్డు వైపు తలుపు తీస్తారు, "పరిగెత్తు కన్నా" అంటారు. ఆ కన్న ఎవరి బండి కిందికి పరిగెడుతున్నాడో చూసే తీరిక లేదు, వెనక హారన్లు కదా! నడిచొచ్చే పిల్లలు ఆ కార్ల సందుల్లోంచి దూరి వెళ్ళాలి. 2023లో ఈ ఊళ్ళో ట్రాఫిక్ తగ్గించడానికి స్కూలు టైమింగులు ముందుకి జరుపుదామా అని చర్చ నడిచింది. ఎంత చక్కటి ఆలోచన! కార్లలో వచ్చే పెద్దవాళ్ళ కోసం ఒకటో తరగతి పిల్లలు తెల్లారకముందే లేవాలి.

ఇక పెద్ద పిల్లల తల్లిదండ్రులు. తొమ్మిదో తరగతి వాడికి స్కూటీ ఇచ్చి పంపుతారు. "మావాడు చాలా జాగ్రత్తండీ" అని సర్టిఫికెట్ కూడా వాళ్ళే ఇస్తారు. పదహారేళ్ళకి ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. రోడ్డు మీద తిరిగే పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ అది దాటినవే. పిల్లాడు బండి నడుపుతూ దొరికితే తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఈ మాట చెప్తే మాత్రం నేను వాళ్ళ అబ్బాయి ఎదుగుదల చూసి ఓర్వలేనిదాన్ని.

వ్యాన్ల గురించి ఎత్తితే తెల్లారిపోతుంది. తెల్ల బోర్డు ఓమ్నీలో సీట్ల మధ్య చెక్క బల్ల వేసి, దాని మీద నలుగుర్ని కూర్చోబెట్టి, వెనక గ్యాస్ సిలిండరు మీద బ్యాగులు పేర్చి పోతుంటారు. అది ట్యాక్సీ కాదు, సొంత కారు కింద రిజిస్టరైన బండి. తెలిసే ఎక్కిస్తున్నాం, ఎందుకంటే నెలకి కాస్త తక్కువ. స్కూలేమో అడ్మిషన్ రోజునే "ప్రైవేటు వాహనాలతో మాకు సంబంధం లేదు" అని సంతకం పెట్టించుకుని చేతులు దులుపుకుంటుంది. స్కూలు బస్సుల్లో కిటికీలకి అడ్డ కమ్మీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, పిల్లల్ని ఎక్కించి దించే మనిషి ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. చెప్పి ఏం లాభం? 2012లో చెన్నైలో తాంబరం దగ్గర స్కూలు బస్సు నేలకున్న కంతలోంచి రెండో తరగతి పాప జారి చక్రం కింద పడిపోయాకే గానీ తమిళనాడులో స్కూలు బస్సులకి ప్రత్యేకంగా రూల్స్ రాలేదు. ఆ కంత ఆ రోజు పొద్దున్నే పుట్టిందా? రోజూ దాని పక్కన కాళ్ళు పెట్టుకునే కదా పిల్లలు కూర్చున్నది.

నన్ను ఇప్పటికీ వదలనిది మాత్రం ఇదే ఊళ్ళో హెబ్బాళ దగ్గర జరిగిన సంగతి. 2022 మార్చి. నడిచేవాళ్ళ కోసం కట్టిన అండర్‌పాస్‌లో వాన నీళ్ళు నిలిచాయి. దిగలేక ఒక స్కూలు పిల్ల రోడ్డు మీదుగా దాటబోయింది. కార్పొరేషన్ చెత్త లారీ గుద్దేసింది. నీళ్ళు తోడాల్సింది వాళ్ళే, లారీ నడిపిందీ వాళ్ళే. అప్పుడు కార్పొరేషన్ ఒక్కటే, 2025 సెప్టెంబరు నుంచి ఐదు. ఇక మన ఫిర్యాదుని ఒకరి మీదికి ఒకరు తోసుకోవడానికి మనుషుల కొరత ఉండదు.

అన్నట్టు, పొద్దున్నే నేనూ మా చిన్నదీ రోడ్డు మీద ఎందుకు నిలబడాల్సి వచ్చిందో అడగండి. మా అపార్ట్‌మెంట్లోకి స్కూలు వ్యాన్లు రాకూడదట! పోయినేడాది మన ఘనమైన అసోసియేషన్ తీర్మానం చేసింది. పేవర్ బ్లాకులు పాడైపోతాయట. రోజూ 12,000 లీటర్ల నీళ్ళ ట్యాంకరు లోపలికి వస్తుంది. ఒక్క నీళ్ళ బరువే పన్నెండు టన్నులు. దానికి పగలని పేవర్ బ్లాకులు ఒకటో తరగతి పిల్లల వ్యానుకి పగిలిపోతాయట! పది నిమిషాల్లో కొత్తిమీర తెచ్చే బండికి గేటు తెరుస్తారు. మా పిల్లలు మాత్రం మెట్రో పనుల దుమ్ములో, సర్వీస్ రోడ్డు మీద ఎదురొచ్చే ఆటోల పక్కన నిలబడాలి. ఇదేంటండీ అని అడిగితే సెక్రటరీగారు "మా పిల్లల్ని మేం కారులో దింపుకుంటాం, మీరూ దింపుకోవచ్చుగా" అన్నారు. ఎక్కడ దింపుతారో పైన చెప్పాను కదా, రెండో వరసలో.

అపార్ట్‌మెంట్ గ్రూపులో రాస్తే "పండగ రోజుల్లో నెగెటివిటీ వద్దు" అని అడ్మిన్ డిలీట్ చేశాడు.

ఆదివారం జనరల్ బాడీ ఉంది. అజెండాలో మొదటి అంశం క్లబ్‌హౌస్ సోఫా కవర్ల రంగు. రెండోది జిమ్ములో అద్దం. వ్యాన్ల మాట లేదు. లేకపోయినా నేను వెళ్తున్నాను, ఆ ట్యాంకర్ ఫోటో ప్రింటు తీయించుకుని మరీ వెళ్తున్నాను. మన బ్లాకుల్లో ఎవరెవరు వస్తారో కింద రాయండి. "ట్రై చేస్తాను అక్కా" అనేవాళ్ళు దయచేసి ఇంట్లోనే ఉండండి.